చిన్న అప్పుల పంచాంగము



తాడేపల్లిగూడెము ఉల్లిపాయల బజారు మన రాష్ట్రమున పేరుగన్నది. కర్నూలు నుండియు మహారాష్ట్రము నుండియు లారీలపై వచ్చు సరకు అచ్చట దిగి, పాటలలో చేతులు మారి, చుట్టుపట్ల జిల్లాల సంతలకు తరలిపోవుచుండును. ఆ గోనెసంచుల రాశుల నడుమ కూర్చుండి లక్షల బేరము చేయు టోకు వర్తకునికి బ్యాంకులో ఖాతాయు, ఊరిలో పరపతియు, హామీ పెట్టుటకు ఆస్తి పత్రములును కలవు. ఆ బజారు అంచుననే ఒక్క మూట కొని, తోపుడుబండిపై పెట్టుకొని, వీధివీధి తిరిగి కిలోల లెక్కన అమ్ముకొను స్త్రీకి అవేవియు లేవు. ఆమె పెట్టుబడి ఉదయమున అప్పుగా వచ్చి సాయంత్రమునకు తిరిగిపోవును. తెల్లవారుజామున 900 రూపాయలు చేతికిచ్చి దీపాలవేళకు 1,000 పుచ్చుకొను పద్ధతి మన పట్టణముల కూరగాయల బజారులలో చిరకాలముగా నున్నదే. ఒక్క దినమునకు నూటికి పదకొండు రూపాయల పైచిలుకు వడ్డీ! దీనిని సంవత్సరమునకు లెక్కకట్టబూనినవాడు లెక్కను సగములో విడిచి లేచిపోవలసినదే. అయినను ఆమె ఆ అప్పును తీర్చుచునే యున్నది, మరునాడు మరల తెచ్చుకొనుచునే యున్నది. ఏలయన ఆమె సరకు ఆనాడే అమ్ముడుపోవును, తీర్చవలసిన గడియకు ముందే రాబడి ఆమె కొంగున చేరును.

ఏలూరు దాటి కొల్లేటి లంకలలో దిగినచో వేరొక లెక్క కానవచ్చును. వలయు, దోనెయు, భర్త రెక్కల కష్టమును, చేపల చెరువు గట్టుపై తన కూలియు తప్ప వేరాధారము లేని యొక ఇల్లాలు, సూక్ష్మఋణ సంస్థ నుండి నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుకొన్నదనుకొందము. ఉల్లిపాయలమ్ము స్త్రీ చెల్లించుదానితో పోల్చినచో ఈ వడ్డీ లెక్కలోనికి రాదు. అయినను వాన పట్టి పనులాగిన రెండు మూడు వారములలోనే ఆమె వాయిదా తప్పును. తప్పిన వాయిదా కట్టుటకు ఇరుగింట ఐదు రూపాయల వడ్డీకి చేబదులు తెచ్చును. అది తీర్చుటకు మరియొక సంస్థ పుస్తకములో సంతకము చేయును. అధిక వడ్డీ చెల్లించుచున్న స్త్రీ నిలద్రొక్కుకొనగా, స్వల్ప వడ్డీకి తెచ్చుకొన్న స్త్రీ మునిగిపోవుట కేమి కారణము? పేదలకు చిన్న అప్పులిచ్చు సంస్థలు మేలొనర్చినవా, కీడొనర్చినవా యని మన రాష్ట్రమున ఇన్నేండ్లుగా నడచిన వాదమంతయు వడ్డీ చుట్టును తిరిగినది. నేను వడ్డీని పూర్తిగా విడువను గాని, ఈ ప్రసంగమున ప్రధానముగా అప్పుయొక్క పంచాంగమును గూర్చి మాటలాడదలచితిని. తీర్చవలసిన తిథిని ఎవరు నిర్ణయించిరి, ఎవరి రాబడిని చూచి నిర్ణయించిరి అనునదే నా ప్రశ్న.

మన ప్రాచీనులు ఈ విషయమున మనమనుకొన్నంత అమాయకులు కారు. నూరు పణములకు నెలకు ఒకటింబావు పణము ధర్మ్యమైన వడ్డీ యని నిర్ణయించిన కౌటిల్యుడే, వ్యాపారము చేయువారికి ఐదు, అడవిదారుల సరకు నడుపువారికి పది, సముద్రముపై పోవువారికి ఇరువది పణముల వరకు ఒప్పుకొనెను. అనగా అప్పు ఎవనికి, ఏ పనికి, ఏ ప్రమాదమునకు ఎదురుగా ఇయ్యబడుచున్నదో చూచి గాని వడ్డీని తూచరాదని ఆయన ఎరుగును. వసిష్ఠుడు విధించిన దని చెప్పి మనువు పేర్కొన్న ఎనుబదవ వంతు కూడ లెక్కకు ఆ ఒకటింబావే. ఒక్కసారిగా పుచ్చుకొను వడ్డీ అసలును మించి పెరుగరాదను కట్టడియు మనుస్మృతియందే కలదు. ఈ చివరి మాటను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. ఇరువదియొకటవ శతాబ్దమున అది హైదరాబాదు శాసనసభ లోనికి మరల ప్రవేశించినది.

ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియై డెల్టా భూములు సస్యశ్యామలములైన పిమ్మట అప్పు భూమిని పట్టుకొని తిరుగజొచ్చెను. ఎకరములు గలవానికి నోటు పుట్టును. లేనివానికి చెంబు తాకట్టు పెట్టినగాని రూపాయి పుట్టదు. చెన్నరాజధాని ఉద్యోగి ఫ్రెడరిక్ నికల్సన్ జర్మనీ దేశమున రైఫైజెన్ స్థాపించిన గ్రామ పరపతి సంఘములను పరిశీలించి, 1895లో మొదలిడి సమర్పించిన నివేదికలో అట్టివి మనకును కావలెనని వ్రాయగా, 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. గోదావరి మండలమున ఆ సంఘములు బాగుగనే పాతుకొన్నవి. 1938లో రాజాజీ ప్రభుత్వము చేసిన రైతు ఋణవిమోచన చట్టము, అసలుకు రెండింతలు చెల్లించియున్న రైతు ఋణము తీరిపోయినట్లేనని చెప్పి ఎన్నియో కుటుంబముల నూరట పరచెను. అయినను ఆ చట్టము రైతును ఎరుగును గాని కూలిని ఎరుగదు. ఆ సంఘము పట్టాను చూచును గాని చేతులను చూడదు. స్వాతంత్ర్యానంతరము జరిగిన అఖిలభారత గ్రామీణ ఋణ పరిశీలన ఫలితములు 1954లో వెలువడినపుడు, సేద్యము చేయువారి అప్పులలో సహకార సంఘములిచ్చినది నూటికి మూడు వంతులేయనియు, వడ్డీవ్యాపారులిచ్చినది డెబ్బది వంతులకు చేరువ యనియు తేలెను. భూమిలేనివారి సంగతి ఆ అంకెలకే వెలుపలిది. 1969లో పదునాలుగు బ్యాంకులను జాతీయము చేసిరి. 1975లో ప్రాంతీయ గ్రామీణ బ్యాంకులు వచ్చినవి. బ్యాంకు ఊరిలోనికి వచ్చినది, నిజమే. ఆ మెట్లెక్కుటకు కావలసిన కాగితములు మాత్రము కూలివాని గుడిసెలోనికి రాలేదు.

ఈ చిక్కును విడదీయు ఉపాయమును బంగాళాఖాతము ఆవలి ఒడ్డున, చిట్టగాంగు చెంతనున్న జోబ్రా గ్రామమున మహమ్మద్ యూనస్ అను అర్థశాస్త్రాచార్యుడు 1976లో కనిపెట్టెను. వెదురు సామానులు అల్లు స్త్రీలతో మొదలిడి నలుబది ఇద్దరు పేదలకు వెరసి ఇరువదియేడు డాలర్లకు సమానమైన సొమ్మును ఆయన తన జేబు నుండి ఇచ్చెను. ఆ సొమ్మే కాలక్రమమున, 1983లో, గ్రామీణ బ్యాంకుగా రూపొందెను. 2006లో ఆయనకును ఆ బ్యాంకుకును నోబెల్ శాంతి బహుమానము లభించెను. ఆస్తిహామీకి బదులు మనుష్యహామీ ఆ పద్ధతికి ప్రాణము. ఒకరినొకరు ఎరిగిన ఐదుగురు స్త్రీలు ఒక జట్టు; ఒకామె తప్పినచో తక్కిన నలుగురికి చిక్కు. ఎవరు కష్టించుదురో, ఎవరి మగడు త్రాగి సొమ్ము తగలబెట్టునో బ్యాంకు గుమాస్తాకు తెలియకపోవచ్చును గాని పొరుగింటి యామెకు తెలియును. ఆ ఎరుకయే హామీపత్రమైనది. దానితోపాటు మరియొక నియమము కూడ పుట్టినది: వారమువారము సమావేశము, వారమువారము వాయిదా, ఏడాదిలో అప్పు సమాప్తము. చిన్నచిన్నగా కట్టినచో పేదవానికి బరువు తెలియదని దాని వెనుకనున్న తలపు. రోజుకూలికి, చిల్లర అంగడికి, పాలమ్ముకొను ఇంటికి ఇది చక్కగా నప్పెను. నప్పని వృత్తులు కూడ లోకమున కలవని ఆనాడు ఎవరును గట్టిగా అడుగలేదు.

మన తెలుగునాట ఇదే కాలమున వేరొక త్రోవ ఏర్పడినది. నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాకు ఎదురు తిరిగిన స్త్రీలు 1992 ప్రాంతమున, సారా మిగిల్చిన సొమ్మును దినమున కొక రూపాయి చొప్పున కూడబెట్టదొడగిరి. అది పొదుపులక్ష్మి యను పేర రాష్ట్రమంతట వ్యాపించెను. ఆ సంవత్సరముననే నాబార్డు సంస్థ దేశమున 500 పొదుపు సంఘములను బ్యాంకులతో జతపరచు ప్రయోగమునకు పూనుకొనెను. ఈ సంఘములకు డ్వాక్రా యనియు, వెలుగు అనియు, ఇందిరా క్రాంతి పథము అనియు పేళ్లు మారినవి. వచ్చిన ప్రతి ప్రభుత్వమును ఒక పేరు పెట్టినది, కాని ఊరిలోని ఆడవారు మాత్రము నేటికిని దానిని డ్వాక్రా గ్రూపు అనియే యందురు. పది పదిహేనుగురు స్త్రీలు నెలకొకసారి కూర్చుండి, పొదుపు చెల్లించి, తీర్మానముల పుస్తకములో వ్రాసికొని, కూడిన సొమ్మును తమలో తాము అప్పుగా త్రిప్పుకొని, ఆ వడ్డీని తమ సంఘమునకే మిగుల్చుకొందురు. కొంతకాలము క్రమము తప్పక నడచిన సంఘమునకు బ్యాంకు ఆ పొదుపునకు ఎన్నో రెట్లు అప్పు ఇచ్చును. ఈ ఏర్పాటునందలి గుణము వాయిదా నెలకొకసారి వచ్చుటయే కాదు, ఆ వాయిదా తప్పినామెను గూర్చి విచారించువారు ఆ వీధివారే యగుట. పంటకూలి అందలేదని అందరు ఎరుగుదురు గాన ఒక నెల ఓర్చుకొనుట అచ్చట సాధ్యము. ప్రభుత్వములు పావలా వడ్డీ యనియు, తరువాత వడ్డీలేని ఋణమనియు దీనిని పెంచి పోషించినవి. పెంపకమున లోపము లేకపోలేదు. ఎన్నికల ఋతువులో మాఫీ మాట వినబడినప్పుడెల్ల క్రమముగా కట్టుచున్న సంఘములు కూడ చేయి ముడుచుకొని కూర్చుండుట మన మెరుగుదుము.

ఈ రెండు త్రోవలు మన కృష్ణా గోదావరి మండలములలో ఎదురుపడినవి. 1997లో స్థాపితమైన ఎస్‌.కె.ఎస్‌., 1998లో గుంటూరున పుట్టిన స్పందన, అంతకుమునుపే యున్న షేర్ మొదలగు సంస్థలు గ్రామీణ బ్యాంకు పద్ధతిని తెచ్చి ఇంటింటికిని చేర్చినవి. వాటికి దక్కవలసిన మెప్పును ముందుగా చెప్పుట న్యాయము. బ్యాంకుకు పోయిన కూలి స్త్రీ ఒకనాటి కూలి పోగొట్టుకొని, రేపు రమ్మనిపించుకొని, మరల కూలి పోగొట్టుకొని తిరిగివచ్చుచుండగా, ఈ సంస్థల కుఱ్ఱవాడు తెల్లవారకమునుపే మోటారుసైకిలుపై ఆమె వాకిటనే దిగి, ఆమెను గారు చేర్చి పిలిచి, చెప్పిన దినమున చెప్పిన సొమ్ము చేతిలో పెట్టెను. ఆ మన్ననకు ఆమె వెల చెల్లించినది. ఆ వెల ఎంతయో మాత్రము ఆమెకు తిన్నగా చెప్పలేదు.

లెక్క ఇట్లుండును. 10,000 రూపాయల అప్పునకు సంవత్సరమునకు పన్నెండున్నర చొప్పున 1,250 రూపాయలు వడ్డీ కలిపి, 11,250ను యాబది వారములకు పంచి, వారమునకు 225 కట్టుమందురు. పన్నెండున్నర యనిన నెలకు నూటికి రూపాయి చిల్లరయే గదా యని ఆమె తృప్తిపడును. కాని ఇరువదియైదు వారములు గడచునప్పటికి ఆమెవద్ద మిగిలియున్న అసలు 5,000 మాత్రమే; వడ్డీయో, ఇంకను 10,000 మీదనే పోవుచున్నది. నిజమైన వడ్డీ నూటికి ఇరువదియైదుకు చేరువ. దీనిని మోసమనుటకు ముందు ఆవలివైపు లెక్కయు చూడవలెను. కోటి రూపాయలను ఒక్క మిల్లు యజమానికి ఇచ్చినచో ఒక సంతకము, ఒక ఖాతా; అదే కోటిని పదేసివేల చొప్పున వేయిమందికి ఇచ్చినచో వేయి సంతకములు, ఏడాదిలో యాబదివేల వసూళ్లు, ఆ వసూళ్లకు మనుష్యులు, బండ్లు, పెట్రోలు. చిన్న అప్పు స్వభావముచేతనే ఖరీదైనది. అయితే ఆ యాబదివేల వసూళ్లలో అధికభాగము వారమువారము అను నియమము తెచ్చిపెట్టిన ఖర్చే గదా యని నాకు తోచును. అప్పు తీసికొన్న యామెకు అక్కరలేని రాకపోకలకు ఆమెయే వెల నిచ్చుచున్నది.

ఈ వారపు నియమము ఎవరికి నప్పదో చూచుటకు మరల కొల్లేరునకు పోదము. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లమున ఏర్పడిన ఈ మంచినీటి సరస్సునకు బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలగు ఏరులు నీరు తెచ్చును. ఉప్పుటేరు ఒక్కటియే దానిని సముద్రమునకు చేర్చును. తెచ్చు దారులు పెక్కు, పోవు దారి యొక్కటి గాన వరద వచ్చిననాడు లంక లన్నియు నీట తేలును. సరస్సు నడుమ కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ వెలసియున్నది. ఆ తల్లి తిరునాళ్లకు నాలుగు దిక్కులనుండియు జనము చేరుదురు. పూర్వము ఇచ్చటి బెస్తల బ్రదుకు నీటి పంచాంగము ననుసరించి నడచెడిది. నీరు పెరుగు వేళ వలయు మావులును, కొఱ్ఱమీను, జెల్ల. నీరు తీసిన పిమ్మట బయటపడిన నేలలో ఒక్క పంట వరి. 1976లో ప్రభుత్వము మత్స్యకారుల సహకార సంఘములకు, హరిజనుల సంఘములకు సరస్సులోనే చేపల చెరువులు త్రవ్వించి ఇచ్చెను. ఉద్దేశము మంచిదే. కాని చెరువునకు పిల్లచేప కావలెను, మేత కావలెను, నెలల తరబడి ఎదురుచూచు పెట్టుబడి కావలెను. పట్టుబడి నాటివరకు ఒక్క కాసు చేతికి రాని యట్టి వ్యవసాయమునకు పేదల సంఘమునకు ఎవరును అప్పు ఇయ్యలేదు. ధనికులు కౌలునకు పట్టిరి. చెరువుల యజమానులనిపించుకొన్నవారు ఆ చెరువుల గట్లపైననే కూలికి పోయిరి. ఏలూరు, కైకలూరు, ఆకివీడుల నుండి మంచుగడ్డల నడుమ కలకత్తా వైపునకు లారీలలో తరలిపోవు కట్లా, రోహు చేపల వెనుక ఈ కథ యున్నది. ఆనాడు ఎనిమిది పది నెలల గడువుతో తగిన అప్పు దొరకియున్నచో కొల్లేటి చరిత్ర వేరుగా నుండెడిదని నేననుకొందును.

1999లో అయిదవ కాంటూరు వరకు గల 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో రామ్‌సర్ ఒడంబడిక జాబితాలో సరస్సు చేరినది. 2006లో, న్యాయస్థానముల యాజ్ఞ ననుసరించి, అక్రమముగా పెరిగిన చెరువుల గట్లను ప్రేలుడు పదార్థములతో సైతము కూల్చివేసిరి. సరస్సు బ్రదుకవలెనను వాదములో నాకు సందేహము లేదు. ఆటపాకకు వచ్చు గూడబాతులకు నోరు లేదు గాని ఆ నీటిపై హక్కు కలదు. అయినను గట్టు కూలిననాడు చెరువు యజమాని నష్టపోయినది ఒక పెట్టుబడి. గట్టుపై కూలి నష్టపోయినది మరునాటి బియ్యము.

సరిగా ఆ సంవత్సరము మార్చి మాసముననే కృష్ణా జిల్లాలో సూక్ష్మఋణ సంస్థలపై సంక్షోభము రేగినది. కైకలూరు, మండవల్లి మొదలగు కొల్లేటి దక్షిణ తీరము నాడు ఆ జిల్లాలోనిదే. వడ్డీ ఎక్కువయనియు, ఖాళీ కాగితములపై సంతకములు పెట్టించుకొనిరనియు, వాయిదా తప్పినవారిని నలుగురిలో అవమానించిరనియు వచ్చిన ఆరోపణలపై జిల్లా యంత్రాంగము రెండు పెద్ద సంస్థల శాఖలను యాబదికి పైగా మూయించినది. చెరువు గట్లు కూలుటకును ఈ సంక్షోభమునకును కార్యకారణ సంబంధము కలదని నేననను. జిల్లా యంతట, మెరకలోను పల్లములోను, ఒక్కతీరుగనే అది రేగినది. నాకు కనబడునది వేరు. ఒకే సరస్సు తీరమున ఒకే వసంతమున, పని పోయిన వారము కూడ వారముగనే లెక్కింపబడినది. "వారం తిరిగొచ్చేస్తందండి, డబ్బే తిరిగి రాదు" అనునట్టి మాట ఆ లంకలలో పుట్టుటకు ఆర్థికశాస్త్రమక్కరలేదు.

వారపు వాయిదా పవిత్రసూత్ర మేమియు కాదని తరువాతి పరిశోధనలు కూడ నిరూపించినవి. కలకత్తాలో ఒక సంస్థ తన ఖాతాదారులలో కొందరికి అప్పిచ్చిన రెండు వారములకే వాయిదాలు మొదలుపెట్టి, మరికొందరికి రెండు నెలలు విడుపు ఇచ్చి చూచెను. 2013లో ప్రచురితమైన ఆ పరిశీలనలో, విడుపు పొందిన స్త్రీలు వ్యాపారములో ఎక్కువ పెట్టుబడి పెట్టిరనియు, మూడేండ్లకు వారి లాభములు గణనీయముగా పెరిగినవనియు తేలెను. ఎగవేతలు కూడ కొంత పెరిగినవని అదే పరిశీలన దాచక చెప్పెను. రెండు వారములలో తిరిగి చెల్లింపవలసిన సొమ్ముతో ఎవరును గేదెను కొనరు, కుట్టుమిషను కొనరు. నాలుగు రోజులలో అమ్ముడుపోవు సరకే కొందురు. యూనస్ మహాశయుని సొంతదేశముననే, 1998లో వచ్చిన మహావరదలో లక్షలాది ఖాతాదారులు వాయిదాలు తప్పగా, గ్రామీణ బ్యాంకు తన నియమములను తిరుగవ్రాసి, కష్టము వచ్చినవారికి గడువు పొడిగించి చిన్న వాయిదాలతో సాగనిచ్చు పద్ధతిని ఈ శతాబ్దారంభమున ప్రవేశపెట్టెను. పుట్టింటివారు మార్చుకొన్న సూత్రమును మనము పట్టుకొని వ్రేలాడితిమి.

హైదరాబాదు పేటలలో 2005 మొదలు జరిగిన మరియొక ప్రసిద్ధ పరిశీలన కలదు. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డూఫ్లో ప్రభృతులు నూటనాలుగు పేటలను తీసికొని, సగము పేటలలో స్పందన శాఖలు తెరువగా, తక్కిన సగముతో పోల్చి చూచిరి. అంతకుముందే వ్యాపారమున్నవారికి అది కొంత పెరిగినది. మన్నికగల సామగ్రి కొనిరి. టీలు, పండుగల దుబారా కొంత తగ్గించుకొనిరి. ఇంటి మొత్తము ఖర్చులో గాని, పిల్లల చదువులో గాని, ఇంటిలో ఆమె మాట చెల్లుబడిలో గాని చెప్పుకొనదగిన మార్పు కనబడలేదు. పేదవారు అప్పుచేసి పప్పుకూడు తిందురను నీతివాదులకు ఇది చెంపపెట్టు. అప్పు ఇచ్చినచో పేదరికము పోవునను ప్రచారకులకును అంతే.

ఆ ప్రచారము శిఖరము నెక్కినది 2010లో. ఎస్‌.కె.ఎస్‌. సంస్థ ఆ యేట జూలై చివర తన వాటాలను ఒక్కొక్కటి 985 రూపాయలకు ప్రజలకు విక్రయింపగా, వాటాలకంటె పదిరెట్లకు మించిన అభ్యర్థనలు వచ్చిపడినవి. వాటాదారునకు ప్రతి మూడుమాసములకు వృద్ధి చూపవలెను. వృద్ధి చూపవలెనన్న అప్పులు పెంచవలెను. ఒకే వీధిలో నాలుగు సంస్థలు, ఒకే ఇంటిలో నాలుగు పుస్తకములు. ఒక సంస్థ వాయిదాను మరియొక సంస్థ అప్పుతో కట్టుట సాధారణమైనది. వసూళ్ల ఒత్తిడికి ప్రాణములు తీసికొన్నవారి వార్తలు పత్రికలలో వరుసగా వచ్చినవి. అక్టోబరు నడిమిన ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చినది; ఆ సంవత్సరాంతమునకు అది చట్టమైనది. జిల్లాకొక నమోదు, వసూలు పంచాయతీ కార్యాలయమువంటి బహిరంగ స్థలముననే, వాయిదా నెలకొక్కసారి మాత్రమే, వడ్డీ అసలును మించరాదు. మనువు చెప్పిన కట్టడి, రాజాజీ నాటి చట్టము పలికిన మాట, మూడవసారి ఇట్లు శాసనమైనది.

ఆ చట్టము బెదిరింపులను ఆపినది. దానితో అప్పును కూడ ఆపినది. వేలకోట్ల బకాయిలు వసూలు కాక నిలిచిపోయి, సంస్థలు తమ శాఖలను మూసికొని ఇతర రాష్ట్రములకు తరలిపోయినవి. డ్వాక్రా సంఘము చేయి అందనివారు తిరిగి వడ్డీవ్యాపారి గుమ్మమునకే పోయిరి. 2015 చివర విజయవాడలో బయటపడిన, కాల్‌మనీ యను ప్రైవేటు వడ్డీవ్యాపారపు దురాగతములను చూచినవారికి, సంస్థలు లేని చోట అప్పు ఎట్టి ముఖముతో వచ్చునో తెలిసినది. వడ్డీపై కట్టడి అవసరమే; తలుపు మూసివేయుట కట్టడి కాదు.

రిజర్వుబ్యాంకు తాను నియమించిన మాలెగాము సంఘపు సలహా ననుసరించి 2011లో వడ్డీకి ఇరువదియారు శాతము హద్దు పెట్టి, వారమునకా, పక్షమునకా, మాసమునకా యనునది తీసికొన్నవారి ఇష్టమేనని చెప్పెను. 2022 ఏప్రిలు నుండి అమలైన క్రొత్త నిబంధనలలో వడ్డీపై హద్దులను తీసివేసి, మూడు లక్షల రూపాయల లోపు వార్షికాదాయము గల కుటుంబమునకు వాయిదాలన్నియు కలిసి నెలసరి ఆదాయములో సగము మించరాదని నిర్ణయించెను. ఈ నియమము నాలుగు పుస్తకముల వెఱ్ఱిని కొంత అరికట్టును గాన మంచిదే. కాని నెలసరి ఆదాయ మనునది ఏలూరు గుమాస్తాకు కలదు గాని కొల్లేటి కూలికి లేదు. ఆమె సంవత్సర రాబడిని పన్నెండింట భాగించినచో వచ్చు అంకె ఏ నెలలోను ఆమె చేతికి రాలేదు. సార్వా నాట్లు పడు రోజులలో ఇంటిలో ఇద్దరికి పని. తరువాత కోతలవరకు అరకొర. దాళ్వాకు కాలువ నీరు వదలినచో మరల నాట్లు. చెరువు పట్టుబడిలో వలలాగువారికి కొన్నాళ్లు రాత్రింబవళ్లు పని. వరద వచ్చినచో ఏమియు లేదు. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు విజయవాడను ముంచి కొల్లేటికి దిగినపుడు లంకల దారులు ఎన్ని దినములు నీట నుండెనో, ఆ దినములలో ఎన్ని వాయిదా తిథులు వచ్చిపోయెనో ఏ సంస్థ లెక్కలోను విడిగా కనబడదు.

ఆశ్చర్యమేమనగా, అప్పునకు ఋతువు చూచు విద్య మన బ్యాంకులకు క్రొత్తది కాదు. పశ్చిమగోదావరి జిల్లాను 1960 ప్రాంతమున సాంద్రవ్యవసాయ పథకమునకు దేశమున తొలుదొలుత ఎన్నుకొన్న జిల్లాలలో చేర్చినది మొదలు, ఇచ్చటి సహకార సంఘములు పంటఋణమును నాట్లకు ఇచ్చి నూర్పిళ్ల పిమ్మట పుచ్చుకొనుచునే యున్నవి. వరిచేను గల రైతును ఏ సంఘ కార్యదర్శియు మడికి నీరు పెట్టిన మరు వారమున వాయిదా అడుగలేదు, అడిగినచో నవ్వులపాలగును. ఆ మర్యాద భూమి గలవానికే దక్కినది. ఆ భూమినే కౌలునకు దున్నువానికి 2011 చట్టము, ఆపై 2019 చట్టము గుర్తింపు కార్డు ఇయ్యజూచినవి. రెండవదానిలో భూస్వామి సంతకము కావలసివచ్చుటచే ఎందరికో అది అందని పండైనది. కార్డు లేని కౌలుదారు ఇల్లాలు డ్వాక్రా అప్పును మడిలో పెట్టి, నాటిన మరుసటి నెలనుండియే వాయిదా కట్టుచున్నది. ఎరువులకని తెచ్చిన సొమ్ములో కొంత వాయిదాలకే వెనుకకు పోవును. తక్కువపడిన ఎరువును కొట్టువాడు అరువిచ్చి, ఆ అరువునకు బదులు పంటను తన కాటాపైననే తూయవలెనని షరతు పెట్టును.

2011లో ఏర్పడిన స్త్రీనిధి సంఘము, ఫోనుపైననే దరఖాస్తు తీసికొని దినముల వ్యవధిలో సొమ్ము చేర్చు ఏర్పాటు చేసి, అప్పు త్వరగా వచ్చు సమస్యను చాలవరకు తీర్చినది. అప్పు ఎప్పుడు పోవలెనను రెండవ సగము మిగిలియున్నది. సంస్థల నియమావళులలో నేడు వాయిదాల వెసులుబాటును గూర్చిన వాక్యము తప్పనిసరిగా నుండవలెనని రిజర్వుబ్యాంకు శాసించినది గాన, చేయబూనినవారికి అడ్డులేదు. మండవల్లి యందో భీమడోలు యందో ఒక శాఖ, పట్టుబడి వరకు వడ్డీ మాత్రమే పుచ్చుకొని అసలును పట్టుబడినాడు పుచ్చుకొనవచ్చును. నాట్ల నెలలో ఎక్కువ, ఎడకాలమున తక్కువ కట్టునట్లు పుస్తకములోనే గళ్లు గీయవచ్చును. ఉప్పుటేరు పొంగి దారి మునిగిన వారములను లెక్కనుండి తీసివేసి గడువు చివర చేర్చవచ్చును. తాడేపల్లిగూడెము బజారు స్త్రీకి మాత్రము వారము కూడ దూరమే. ఆమెకు దినవాయిదా కావలెను, సాయంత్రము బండి తిరిగివచ్చు దారిలో, వేయికి నూరు తీసికొనువానికంటె చవుకగా. శాఖాధికారి దరఖాస్తులో పేరు, ఆధారు సంఖ్య, ఇంటివారి సంఖ్య అడిగిన పిమ్మట, మీ ఇంటికి సొమ్ము ఏ యే నెలలలో వచ్చునమ్మా యని యొక్క ప్రశ్న అదనముగా అడిగి, ఆమె చెప్పినది ఆ పుస్తకము మొదటి పుటలోనే వ్రాసికొనవలసియున్నది.